దారానికి కంచె వేశారు, చీరను బయట వదిలేశారు

సంపాదకులకు,

నమస్కారం.

ఈ మధ్య మీ వాణిజ్యం పేజీలో పట్టు దిగుమతుల మీద ఒక వ్యాసం వచ్చింది. చైనా నుంచి వచ్చే ముడిపట్టు మీద సుంకం తగ్గించకూడదని, తగ్గిస్తే దేశంలో పట్టు పరిశ్రమ కుదేలవుతుందని దాని సారాంశం. రాసినాయన మల్బరీ రైతు గురించి రాశారు, గూళ్ల నుంచి దారం తీసే రీలర్ల గురించి రాశారు, విదేశీ మారకం గురించి రాశారు. నేసేవాడి ప్రస్తావన ఒక్కచోటే వచ్చింది, అదీ 'వినియోగదారులు' అన్న మాటలో కలిసిపోయి. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి నలభై ఏళ్లయింది నాకు. మాస్టర్ వీవర్లు, బ్యాంకువాళ్లు, ఓట్లకు వచ్చినవాళ్లు రకరకాల పేర్లతో పిలిచారు గాని, వినియోగదారుడు అని ఇదే మొదటిసారి.

మాది భూదాన్ పోచంపల్లి మండలంలో ఒక ఊరు. పట్టు మీద చిటికి చీరలు నేస్తాం, ఇక్కత్ అనేది వీటినే. పోగులను ముందే గీతలు గీసి, సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కించేవి. నేను నేస్తాను, మా ఆవిడ ఆసు (కట్టే ముందు పోగులను మేకుల మీద చుట్టే పని) చూసుకుంటుంది, కొడుకు చిటికి కడతాడు. కోడలు కండెలు చుట్టేది, ఇప్పుడు హయత్‌నగర్‌లో ఒక బట్టల షాపులో పనికి వెళ్తోంది. ఆ షాపు సంగతి తర్వాత చెప్తాను.

2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ముడిపట్టు మీద, పట్టు నూలు మీద కస్టమ్స్ సుంకం 10 నుంచి 15 శాతం చేశారు. మాకు అది గుర్తుండడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది కరోనాలో నేసిన చీరలు మడతల్లోనే ఉండిపోయాయి. ఊళ్లో సగం మగ్గాల మీద దుప్పట్లు కప్పేశారు. పెళ్లిళ్లు మళ్లీ మొదలై కాస్త తెరిపిన పడుతున్నాం అనుకుంటున్న రోజుల్లో ఈ కబురు. ఆ రోజు టీవీలో విన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఐదు శాతమే కదా అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి మాకు పట్టు అప్పిచ్చే షావుకారు కిలో ఐదు వేల పైన రాస్తుంటే అప్పుడు లెక్క వేసుకున్నాం. పెరిగినదంతా సుంకం వల్లే అని నేను అనను. చైనాలోనే ధర పెరిగిందన్నారు, ఓడ కిరాయిలు పెరిగాయన్నారు, కర్ణాటకలో గూళ్లు తక్కువ వచ్చాయన్నారు. అన్నీ నిజమే కావచ్చు. కానీ మంట మీద ఉన్న గిన్నెకు ఇంకో కట్టె ఎగదోసింది మాత్రం ఆ సుంకమే.

మగ్గానికి ఒకసారి ఎక్కించే వార్పుకు ఏడు చీరలు. పడుగుకూ (నిలువు పోగులు) పేకకూ (అడ్డం పోగులు) కలిపి నేను ఆరు కిలోల ముడిపట్టు తెచ్చుకుంటాను. కిలో నాలుగు వేలు అనుకున్నా 15 శాతం అంటే 600. ఆరు కిలోలకు 3,600. మీరు కొనేది బెంగళూరు పట్టే కదా, దానికి సుంకం ఎక్కడిది అని ఒకాయన నన్ను అడిగారు. చైనా పట్టు ధర ఒక మెట్టు ఎక్కితే బెంగళూరు పట్టు కూడా వచ్చి అదే మెట్టు మీద నిలబడుతుందండీ. అసలు సుంకం వేసేదే అందుకోసం కదా. ఇంట్లో ముగ్గురం రెండు నెలలు పని చేస్తే, అప్పు మీద వడ్డీ, రంగులు, కరెంటు పోను మాకు మిగిలేది పాతిక వేలు. అందులోంచి ఈ 3,600 తీసి చూడండి.

ఇంకో సంగతి పట్టు ఉడకబెట్టినవాళ్లకే తెలుస్తుంది. ముడిపట్టు దారానికి బంక ఉంటుంది. సబ్బు, సోడా వేసి మరిగిస్తే ఆ బంక కరిగిపోయి దారం మెత్తబడుతుంది, మెరుపు వస్తుంది, అప్పుడే రంగు పడుతుంది. కిలో ఉడికిస్తే చేతికి వచ్చేది ముప్పావు కిలో. మిగతా పావు కిలో ఆ తెల్లటి నీళ్లతో పాటు మా ఇంటి వెనక మోరీలోకి పోతుంది. సుంకం మాత్రం కిలోకు కిలో కట్టినట్టే. మా అమ్మ బతికున్నప్పుడు ఆ నీళ్లు పారబోస్తూ 'పైసలు పారబోస్తున్న బిడ్డా' అనేది. అప్పట్లో పట్టు ఇప్పటి ధరలో పదో వంతు కూడా లేదు.

అయితే చైనా పట్టు ఎందుకు, మన పట్టు నేయరాదా అంటారు. నేస్తాం. పేకకు ఎప్పుడూ మన పట్టే. చిక్కంతా పడుగు దగ్గర. మన దగ్గర ఎక్కువగా వచ్చేది పసుపుపచ్చ గూళ్ల పట్టు. చరఖా మీద తీసింది అయితే ఒక మూర సన్నంగా, ఒక మూర లావుగా ఉంటుంది, మధ్యలో ఉండలు. మగ్గం మీద తొక్కు తొక్కుకూ పడుగు పోగు అచ్చులో రాసుకుంటూ పైకీ కిందికీ ఆడుతుంది. సన్నగా ఉన్న చోట తెగుతుంది. తెగితే పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి, వంగి, వేల పోగుల్లో ఆ ఒక్కదాన్ని వెతికి పట్టుకుని, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతకాలి. మంచి పడుగు అయితే రోజుకు ఐదారు అతుకులు. చెడ్డ పడుగు అయితే ముప్పై, నలభై. చిటికి పనిలో అతుకు అంటే ఇంకా టెన్షన్, ఎందుకంటే పోగు అరంగుళం జరిగితే డిజైన్ జరుగుతుంది, ఏనుగు తొండం వెళ్లి చిలక ముక్కుకు తగులుతుంది. ఆ చీర రెండో రకం కింద పోతుంది. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టాక మా ఆవిడ భుజం నొప్పి తగ్గింది, దండం పెట్టాలి ఆయనకు. కానీ దారం చెడ్డదైతే ఆ యంత్రం కూడా మాటిమాటికీ ఆగుతుంది. ఈమె మాటిమాటికీ లేస్తుంది.

తెల్ల గూళ్ల పట్టు, బైవోల్టిన్ అంటారు, దాన్ని ఆటోమేటిక్ మిషన్ మీద తీస్తే చైనా పట్టుకు ఏమీ తీసిపోదు. నేను వాడి చూశాను. అది సరిపడా దొరకదు, దొరికిందీ పెద్ద ఊళ్ల పెద్ద మగ్గాలకే ముందు పోతుంది.

ఇక్కడ మా వియ్యంకుడి గురించి చెప్పాలి. ఆయన జనగామ వైపు రెండెకరాల్లో మల్బరీ వేసి పురుగులు పెంచుతాడు. తెల్ల గూళ్లే. ఈ సుంకం గొడవ మా ఇద్దరి మధ్య నాలుగేళ్లుగా నడుస్తోంది. మనవడి పుట్టువెంట్రుకల రోజు కూడా విస్తరి ముందు కూర్చుని వాదించుకున్నాం. ఆయన అనేది ఇదీ: 'మీకు సస్తా పట్టు గావాలె బావా. మరి నేనేం దినాలె? ఏడు కిలోల గూళ్లు వోస్తె కిలో పట్టు వస్తది. కిలో గూళ్లు ఆరొందలు వలికితే నేను గట్టెక్కుత. కరోనాల మూడొందలకు దిగితే మా పక్కోడు మల్బరీ పీకి పత్తి వెట్టిండు. చైనా పట్టు తెరిచి వదిలితే నేను గూడ పీకుత. అప్పుడు మీరు మొత్తం చైనా మీదనే బతకండ్రి.'

ఆయన మాటలో తప్పు లేదు. నాలుగేళ్లలో నేను ఒప్పుకున్నది అదొక్కటే. చైనావాళ్లు ఒక ఏడాది ధర పడేసి మన రైతును లేపేసి, మరుసటి ఏడాది పెంచితే మనం చేసేదేమీ ఉండదు. చైనా పట్టు మీద యాంటీ డంపింగ్ సుంకం అని ఒకప్పుడు వేసింది కూడా అందుకే. కాబట్టి సుంకం ఎత్తేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. నా గొడవ వేరు. దారానికి కంచె వేసి, చీరను బయట ఎందుకు వదిలేశారన్నది నా గొడవ.

మా అమ్మాయి గ్రూప్స్‌కు చదువుతోంది. మొన్న తన పుస్తకంలోంచి ఒక సంగతి చదివి వినిపించింది. మూడు వందల ఏళ్ల కింద మన మచిలీపట్నం వైపు అద్దకం గుడ్డలకు ఇంగ్లండులో మోజు ఎక్కువై అక్కడి నేతగాళ్లు వీధికెక్కారట. 1701 నుంచి రంగులు అద్దిన గుడ్డలు మన దేశం నుంచి రాకుండా ఒక చట్టం తెచ్చారు. 1721లో అద్దకం నూలు గుడ్డ కట్టుకోవడమే నేరం చేస్తూ ఇంకో చట్టం తెచ్చారు. వాళ్లు మొదటి చట్టంలో తెల్ల గుడ్డను మాత్రం రానిచ్చారు చూడండి, నాకు నచ్చింది అదీ. తెల్ల గుడ్డ తెప్పించుకుని లండన్‌లోనే అద్దకం వేసుకున్నారు, అక్కడ అద్దకం పని పెరిగింది. తయారైన సరుకును ఆపారు, ముడిసరుకును లోపలికి పిలిచారు. మన నేతగాళ్ల పొట్ట కొట్టిన చట్టాలే అవి, మెచ్చుకోను. కానీ ఎవరికి మేలు చేయాలనుకున్నారో వాళ్లకు తెలుసు.

మన దగ్గర తిరగబడింది. నా ముడిసరుకు మీద 15 శాతం ఉంది. నా చీరకు నకలు మీద ఏముంది?

ఇప్పుడు కోడలి షాపు సంగతి. పేరు రాయను, ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. పోయిన దసరా ముందు అక్కడికి 'పోచంపల్లి' అని మూటలు దిగాయి. చీర 900. అందులో ఒకటి ఇంటికి తెచ్చి చూపించింది. నేను నేసిన డిజైనే. నాలుగు రేకుల పువ్వు, చుట్టూ మెట్లు మెట్లుగా గళ్లు. చిటికి చీరలో రంగు అంచు దగ్గర ఒక పోగు అటు, ఒక పోగు ఇటు జరిగి ఈక కొసలాగా ఉంటుంది కదా, ఆ జరగడాన్ని కూడా మిషన్‌తో ప్రింటు వేశారు. నేను నలభై ఏళ్లుగా తగ్గించుకోవడానికి పాట్లు పడుతున్న వంకరను వాళ్లు డిజైన్ చేసుకున్నారు! నవ్వు వచ్చింది ముందు. చీర తిరగేసి చూస్తే వెనక పక్క వెలిసినట్టుగా ఉంది. మా చీరకు ముందు వెనక తేడా ఉండదు, రంగు పోగులోనే ఉంటుంది గనక. కొనేవాళ్లలో ఎంతమంది తిరగేసి చూస్తారు? షాపులో ఎవరూ చూడలేదట. ఒకావిడ మాత్రం 'నిజం పోచంపల్లేనా' అని అడిగితే సేల్స్‌మన్ 'పోచంపల్లి మోడల్ మేడమ్' అన్నాడట. మోడల్ అన్న ఆ ఒక్క మాటలో మా బతుకులన్నీ పోతున్నాయి.

గుడ్డ పాలియెస్టర్. ఎక్కడ నేశారో, ఎక్కడ ప్రింటు వేశారో మూట మీద లేదు. సూరత్ అన్నారు ఒకరు. కావచ్చు. సూరత్‌లో, భివండిలో మరమగ్గాల మీద పని చేసేవాళ్లలో మావాళ్లే ఎంతమందో. నా తమ్ముడే భివండిలో ఉన్నాడు, వాడి మీద నాకేం కోపం.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకిస్తూ 1985లోనే చట్టం చేశారు. మరమగ్గాలవాళ్లు కోర్టుకు వెళ్తే సుప్రీంకోర్టు 1993లో చట్టం చెల్లుతుందని చెప్పింది. మొదట 22 రకాలు ఉండేవి, తర్వాత 11 చేశారు. ఆ చట్టం తప్పి మరమగ్గం మీద నేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా మగ్గానికి ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ అని 1985లో రాశారు. ఐదు వేలు! మరమగ్గం ఎన్ని రోజుల్లో సంపాదిస్తుందో తమ్ముణ్ణి అడిగితే నవ్వాడు. ఆ చట్టం చూసేది నేతను. మా డిజైన్‌ను సాదా గుడ్డ మీద ప్రింటు వేస్తే అది నేత కిందికి రాదు. ఒక ఆఫీసులో ఈ 900 చీర బల్ల మీద పెట్టి అడిగితే అక్కడి అధికారి చాలా మర్యాదగా అదే చెప్పారు. 'ఇది ప్రింటు కదా పెద్దాయనా, మా పరిధిలోకి రాదు' అన్నారు. టీ కూడా ఇప్పించారు.

ప్రభుత్వానికి గుడ్డను ఆపడం చేతకాదా అంటే, చేతనవును. 2024 మార్చిలో చైనా నుంచి అల్లిక గుడ్డ చౌకగా కుమ్మరిస్తున్నారని, సింథటిక్ అల్లిక గుడ్డలు కొన్నిటికి కిలో మూడున్నర డాలర్లకు తక్కువైతే రానీయమని ఒక్క ఉత్తర్వు ఇచ్చారు. మిల్లులవాళ్లు అడిగితే పనులు త్వరగా అవుతాయి. పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం కూడా మా పట్టు సుంకం పెరిగిన బడ్జెట్‌లోనే వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం వేసేసరికి, రోజుల్లో పత్తి సుంకం తీసేశారు, ముందు సెప్టెంబరు దాకా, తర్వాత డిసెంబరు 31 దాకా. అప్పుడు దెబ్బ తగిలింది పత్తి రైతుకు. పాలియెస్టర్ నూలు సంగతీ ఇంతే. నాణ్యత ఉత్తర్వుల పేరుతో 2023లో బీఐఎస్ గుర్తు లేని విదేశీ నూలు రాకుండా చేశారు. నూలు తయారుచేసే పెద్ద కంపెనీలకు బాగుంది. నేసేవాళ్లు మొత్తుకున్నారు, నూలు ధర పెరిగి ఆర్డర్లు తగ్గి తమ్ముడి షెడ్డులో రాత్రి షిఫ్టు ఆగింది. రెండేళ్ల తర్వాత, 2025 నవంబరులో వాటిని ఎత్తేశారు. ప్రతిసారీ చూడండి, రక్షణ దారం తీసేవాడి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నేసేవాడి దాకా వచ్చేది బిల్లు.

మా మాట చెప్పుకోవడానికి అఖిల భారత చేనేత బోర్డు అని ఒకటి ఉండేది. అది ఏం చేసిందంటే నేను పెద్దగా చెప్పలేను గాని, ఉండేది. 2020 జులైలో రద్దు చేశారు. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం మాత్రం ఏటా చేస్తున్నారు, శాలువాలు కప్పుతున్నారు. పోయినసారి నాకు కప్పిన శాలువా కూడా మరమగ్గానిదే. ఇది కోపంతో రాయడం లేదు, పట్టుకోగానే చేతికి తెలిసిపోయింది, అంతే. 2019–20 లెక్కల ప్రకారం ఈ దేశంలో చేనేత పని చేసేవాళ్లం 35 లక్షల పైన. అంతమందిలో ఒక్కరిని కూడా సుంకం వేసే ముందు అడిగినట్టు నేను వినలేదు.

సబ్సిడీలు ఉన్నాయి కదా అంటారు. నూలు మీద కేంద్రం ఇస్తుంది, రాష్ట్రమూ ఇచ్చింది. కాదనను. కానీ అవి డిపోలో డబ్బు కట్టి బిల్లు తీసుకున్నవాడికి. నేను షావుకారు దగ్గర అప్పు మీద పట్టు తెచ్చుకుని చీరలు మళ్లీ ఆయనకే ఇచ్చేవాణ్ణి. నా చేతిలో ఉండేది ఆయన డైరీలో రాసుకున్న కాగితం ముక్క. ఆ ముక్క ఏ పోర్టల్‌లో ఎక్కుతుంది? మా మగ్గానికి జియో ట్యాగ్ వేశారు, తలుపు పక్కన నంబరు ఉంది. ఏ మగ్గం నడుస్తోందో, ఏది ఆగిందో ప్రభుత్వానికి తెలుసు. పడుగు పట్టు మీద పడిన సుంకం ఎంతో అంత, నేసిన వార్పు లెక్కన ఆ నంబరుకే వేస్తే షావుకారుతో గాని డిపోతో గాని పని లేదు. వియ్యంకుడి గూళ్ల ధరకు కూడా దెబ్బ తగలదు. తెల్ల గూళ్లకు మిషన్ మీద దారం తీసే యూనిట్లు మన దగ్గర పెరిగితే, ఆయన గూళ్లు నా పడుగు అవుతాయి, అప్పుడు చైనా పట్టు ఊసే నాకెందుకు?

ఇంకొకటి అడుగుతాను. ప్రింటు చీర అమ్ముకోనివ్వండి, 900కు మించి పెట్టలేనివాళ్లూ పండక్కి కొత్త చీర కట్టుకోవాలి కదా. కానీ దాని అంచు మీద 'ప్రింటు' అని తెలుగులో, కళ్లజోడు లేకుండా కనిపించే అక్షరాల్లో రాయించండి. మోడల్ అన్న మాట వద్దు. దీనికి ఏ దేశంతో ఒప్పందం అడ్డం రాదు, డాలర్లతో పని లేదు. సుంకం మార్చేటప్పుడు కూడా, ఎక్కించిన వార్పు దిగేంత గడువు, ఒక రెండు నెలలు, ముందుగా చెప్పండి. సగం నేసిన వార్పు మీద ధర మారితే చీర ధర మార్చమని నేను అడగలేను, షావుకారు ఒప్పుకోడు.

ఇదంతా పంపే ముందు రాత్రి వియ్యంకుడికి ఫోన్‌లో చదివి వినిపించాను. తన మాటలు వచ్చిన చోట 'జర తియ్యగ రాయరాదు' అన్నాడు. పురుగులకు ఆకు వేసే వేళ కావడంతో మధ్యలో రెండుసార్లు ఆగమన్నాడు. అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు.

'సుంకం తగ్గియ్యమని యాడ రాయలేదు గద?' అన్నాడు.

రాయలేదన్నాను.

'అయితె పంపు' అన్నాడు.

ఇట్లు,
ఒక చేనేత కార్మికుడు,
భూదాన్ పోచంపల్లి మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా